ధ్రువ నక్షత్రానికి జాకీ

మా బావ మంచి తాపీమేస్త్రి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఆయన నోరు విప్పాక చెప్తే ఎవరూ నమ్మరు గనక. ఆయన లేపిన గోడకి తూకం గుండు వేలాడదీసి చూడండి, వెంట్రుకవాసి తేడా ఉండదు. చిక్కల్లా ఆయన పని గురించి ఎవరైనా అడిగినప్పుడే. "గచ్చు గట్టిగా ఉంటుందా మేస్త్రీ?" అని ఇంటివాళ్ళు అడిగితే "ఉంటుందండీ" అని ఊరుకోవచ్చా, ఊరుకోడు. తను నున్నగా మెరుగుపెట్టిన గచ్చు మీద రోడ్డు రోలరు జారిపడి నడుం విరగ్గొట్టుకున్న కథ ఎత్తుకుంటాడు. వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు, ఆయనకి ఇంకో టీ ఇప్పిస్తారు, పని మాత్రం తీసుకెళ్ళి ఇంకో మేస్త్రి చేతిలో పెడతారు.

అలా పెట్టగా పెట్టగా ఈమధ్య బావకి పనే లేకుండా పోయింది. బస్సు డిపో ప్రహరీ పక్కనున్న మా టీకొట్టు బల్లే ఆయనకి ఆఫీసయింది. మా అక్క ఏమీ అనదు. అనకపోవడమే నాకు భయం. అందుకే, ఎదురుగా ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ, రోజూ డ్యూటీ దిగి బస్సెక్కే ముందు మా దగ్గర టీ తాగే ఆవిడ, "గోడ తొలిచి కిటికీ పెట్టే మంచి మేస్త్రి ఎవరైనా ఉన్నారా?" అని అడగ్గానే నాకు ప్రాణం లేచొచ్చింది. "మా బావే ఉన్నాడమ్మా, రేపు సాయంత్రం ఇక్కడే మాట్లాడండి" అన్నాను.

మర్నాడు ఆవిడ రాకముందే బావని కూర్చోబెట్టుకున్నాను.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్క పూట. అడిగినదానికి అవును, కాదు. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడకు."

"నేనేమన్నా వాగుడుకాయనట్రా?" అన్నాడు నొచ్చుకుంటూ.

పక్కకొట్టు టైలరు మిషను ఆపేసి వచ్చి కూర్చున్నాడు. బావ ఉన్నాడంటే వాడికి పని తోచదు. కండక్టరు టికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని, డ్రైవరు వచ్చేదాకా కాళ్ళు చాపుకున్నాడు. నర్సమ్మ ఎక్కాల్సింది ఆ బస్సే. ఆవిడ వచ్చి, బల్ల చివర కూర్చుని, టీ అందుకుని, సంగతి చెప్పింది.

వాళ్ళ నాన్న లాంచీ సరంగు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం చుక్కాని పట్టాడు. పొద్దుగూకాక ఉత్తరాన ధ్రువ నక్షత్రం కంటపడేదాకా టీ కూడా ముట్టేవాడు కాడట. ఉద్యోగం మానేశాక కూడా వాకిట్లో కుర్చీ వేసుకుని దానికోసం చూసేవాడట. అలాంటి మనిషి మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఈ వయసులో అది అతకదన్నారు డాక్టర్లు. అప్పట్నుంచీ మంచమే లోకం.

"గదికి ఉత్తరం వైపు వట్టి గోడ," అందావిడ. "అవతల బడి ఆటస్థలం, బోలెడంత ఆకాశం. ఇవతల మా నాన్న. మంచం బయటికి జరపలేం, కదిలిస్తే ఆయన పెట్టే కేక నేను వినలేను. రోజూ దీపాలు పెట్టే వేళకి 'వచ్చిందా?' అని అడిగేవారు. నేను బయటికెళ్ళి చూసొచ్చి 'వచ్చింది నాన్నా' అనేదాన్ని. ఒకరోజు పని తొందరలో చూడకుండానే వచ్చిందన్నాను. 'పైన వాన చప్పుడు వినపడుతోంది కదే, వానలో ఎలా వచ్చింది?' అని గోడవైపు తల తిప్పేసుకున్నారు. ఇక ఆ తర్వాత అడగడమే మానేశారు."

గొంతు మామూలుగానే ఉంది గానీ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుందావిడ. ఇప్పటికే ఇద్దరు మేస్త్రులు చూసి వెళ్ళారట. గోడ తొలిస్తే స్లాబు దిగిపోతుందని ఒకాయన భయపెట్టాడు. రెండో ఆయన అద్దం తగిలించుకోమని సలహా ఇచ్చాడు.

బావ బుద్ధిగా విన్నాడు. గోడ మందమెంత, ఇటుకా రాయా, స్లాబు బరువు ఏ గోడల మీద పడుతోంది, నెరియలేమైనా ఉన్నాయా, అన్నీ అడగాల్సినవే అడిగాడు. ఆవిడ చెప్పింది, ఆయన తలూపాడు. ఇంత సాఫీగా జరుగుతుందని నేను కల్లో కూడా అనుకోలేదు. సరిగ్గా అప్పుడు నర్సమ్మ అడక్కూడని మాట అడిగింది.

"ఇలాంటి పని ఇంతకుముందు ఎప్పుడైనా చేశారా మేస్త్రీ గారూ?"

"చేశానమ్మా," అన్నాడు బావ. అని ఆగాడు. నిజంగానే ఆగాడు, నేను చూశాను.

"ఎక్కడ మేస్త్రీ?" అన్నాడు టైలరు. వాడి సూదులు వాడికే గుచ్చుకోను.

బావ తువ్వాలు దులిపి భుజం మార్చుకున్నాడు. ఆ తువ్వాలు భుజం మారిందంటే ఇక అయిపోయినట్టే.

"ఎక్కడంటావేమయ్యా, హెడ్మాస్టరమ్మ గారింట్లో! ఆవిడ రిటైరైపోయి, మోకాళ్ళు పట్టేసి మంచాన పడింది పాపం. నన్ను పిలిపించి, 'ఒరే మేస్త్రీ, బతుకంతా పిల్లలకి ధ్రువ నక్షత్రం పాఠం చెప్పాన్రా, బోర్డు మీద సుద్దముక్కతో గీయడమే గానీ ఒక్కనాడూ తీరిగ్గా తలెత్తి చూసిన పాపాన పోలేదు, ఈ ఉత్తరం గోడకో కిటికీ పెట్టిపెట్టు, మంచంలోంచి చూసుకుంటాను' అంది. నేను గోడని ఇలా వేళ్ళతో తట్టి చూశాను. డాక్టరు ఛాతీ మీద తట్టి చూస్తాడే, అలాగన్నమాట, మీకు తెలీందేముంది తల్లీ. లోపల ఇటుక ఎలా ఉందో, సున్నం ఎంత పట్టు మీద ఉందో ఆ చప్పుడే చెప్పేస్తుంది. మొదట గోడ సగం మందమే తొలిచాను. కిటికీ పైన బరువు మొయ్యాల్సిన లింటెలు అందులోకి తోసి, అది గట్టిపడ్డాక అవతలి సగం తొలిచి, రెండో లింటెలు తోశాను. ఆ పైనే కింద ఇటుక తియ్యడం మొదలెట్టాను. పైనున్న స్లాబుకి తన కింద గోడ పోయిన సంగతే తెలీదు."

ఇంతవరకూ బాగుంది. పని అలాగే చెయ్యాలి, అలాగే చేస్తాడు కూడా. నర్సమ్మ తలూపింది. ఇక్కడితో ఆపెయ్ బావా అని కళ్ళతోనే బతిమాలాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు బావ.

"ఏమైంది?" అన్నాడు టైలరు, బల్ల మీద ముందుకి జరుగుతూ.

"తొలుస్తున్నాను, తొలుస్తున్నాను, గోడ తరగదే! పాతకాలం కట్టడం కదా, పైకి మూరెడే కనిపిస్తుంది గానీ లోపలికి వెళ్ళేకొద్దీ మందం. పొద్దున్నే సుత్తీ ఉలీ పట్టుకుని గోడలోకి దిగేవాణ్ణి. మధ్యాన్నం భోజనం గోడలోనే, ఓ కునుకూ గోడలోనే. హెడ్మాస్టరమ్మ ఎంత పిలిచినా నాకు వినపడక, చివరికి బళ్ళోంచి గంట తెప్పించి కొట్టించేది. ఆ గంట వినపడితే పనైపోయిందని బయటికి వచ్చేవాణ్ణి. ఒకరోజు దారి తప్పాను."

"గోడలోనా?" అన్నాడు కండక్టరు.

"గోడలోనే! ఎడం చేతివైపు పోవాల్సింది కుడిచేతివైపు పోయి, పోయి పోయి పక్కింటివాళ్ళ వంటింట్లో తేలాను. ఆవిడ గరిటె ఎత్తి కేకపెట్టింది. 'కంగారుపడకండమ్మా, ఉత్తరం ఎటు?' అని మర్యాదగా అడిగాను. పాపం మంచి మనిషి, గరిటెతోనే చూపించింది. మళ్ళీ లోపలికెళ్ళి తొలిచాను. చివరి ఇటుక మిగిలింది. ఇలా, ఈ చూపుడువేలితో తోశానో లేదో, కళ్ళు జిగేలుమన్నాయి. కిటికీ నిండా ధ్రువ నక్షత్రం!"

"అంత వెలుతురా దానికి?"

"ఎప్పుడూ మిషను మీద వంగుని ఉండేవాడివి, దాని వెలుతురు నీకేం తెలుసయ్యా? గదిలోకి నీళ్ళు వచ్చినట్టు వచ్చేసింది. హెడ్మాస్టరమ్మ దీపం ఆర్పించేసింది. ఫ్యానుకి స్విచ్చు తీసేసినా ఆ వెలుతురికే తిరుగుతోంది. మీటరు వెనక్కి తిరుగుతోందని కరెంటాఫీసు వాళ్ళు వచ్చి, చూసి, కళ్ళు తేలేసి, వాళ్ళ ఇళ్ళకి కూడా అలాంటి కిటికీలు కావాలని నన్ను పట్టుకున్నారు. ఇక వీధి వీధంతా తడిబట్టలు పట్టుకొచ్చి ఆ గదిలోనే ఆరేసుకోవడం. ఊళ్ళో టైలర్లందరూ సూదిలో దారం ఎక్కించుకోడానికి వరసకట్టారు."

"మరి నేను రాలేదే?"

"నువ్వు కొలతలు తప్పినందుకు ఎవరికో కనపడకుండా తిరుగుతున్నావు ఆ రోజుల్లో."

టైలరు గతుక్కుమన్నాడు. అది నిజం కూడానేమో. కండక్టరు పకపకా నవ్వాడు. నర్సమ్మ పెదవి చివర కాస్త కదిలింది గానీ, వెంటనే తల తిప్పి బస్సు వైపు చూసింది. డ్రైవరు సీటు ఇంకా ఖాళీగానే ఉంది. మూడో మేస్త్రితో కూడా లాభం లేదని అనుకుంటోంది ఆవిడ, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"బావా, ఆవిడకి బస్సుకి టైమవుతోంది," అన్నాను.

"ఉండరా, అసలు సంగతి ఇప్పుడే వస్తోంది. అంతా బాగానే ఉందని నేను ఇంటికెళ్ళి పడుకున్నాను తల్లీ. మర్నాడు హెడ్మాస్టరమ్మ దగ్గర్నించి కబురు. పరిగెత్తాను. ఆవిడ మంచంలో పడుకుని, 'మేస్త్రీ, వెలుతురు సరే, చుక్క ఏదిరా?' అంది. 'అదేంటమ్మా, ఎదురుగ్గా ఉంటే!' అన్నాను. 'నీకు ఉంది. నువ్వు నిలబడ్డావు. నేను పడుకున్నాను' అంది. నిజమే! మంచం పక్కన నిలబడి కొలత తీసుకున్నాను నేను. చూడాల్సిన మనిషేమో పడుకుని ఉంది. కిందనించి చూస్తే కిటికీలో పైనున్న ఉత్త ఆకాశమే కనిపిస్తుంది. చుక్కేమో కిటికీ కింద గోడ వెనకాల ఉండిపోయింది. మూరెడు తేడా!"

ఈ ముక్క మాత్రం బావ కాస్త నెమ్మదిగా చెప్పాడు. తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. నర్సమ్మ గ్లాసు పక్కన పెట్టి ముందుకి వంగింది.

"అప్పుడేం చేశారు?"

అడిగేవాళ్ళు దొరికితే మా బావని ఎవరు ఆపగలరు! తువ్వాలు మళ్ళీ భుజం మారింది.

"ఏం చేస్తాం తల్లీ! రెండే దార్లు. కిటికీని మూరెడు దించాలి, లేదా చుక్కని మూరెడు ఎత్తాలి. కిటికీ దించాలంటే మళ్ళీ గోడ కొట్టాలి, ఇల్లంతా దుమ్ము, ఆవిడకా ఆయాసం, పైగా రంగులు కూడా వేసేశాం. చుక్క అయితే దుమ్ము రాదు."

కండక్టరుకి టీ పొలమారింది.

"అంటే ఆకాశానికి నిచ్చెన వేశావన్నమాట," అన్నాడు టైలరు.

"నిచ్చెన ఎవడు వేస్తాడయ్యా, అది ఊగుతుంది. పరంజా కట్టాను! డాబా మీద నాలుగు మూలలా వెదుళ్ళు పాతి, తాళ్ళు బిగించి, అంతస్తు మీద అంతస్తు లేపుకుంటూ పోయాను. మబ్బుల దాకా ఊళ్ళో వెదుళ్ళు సరిపోయాయి. మబ్బులు దాటాక అయిపోయాయి. అప్పుడేం చేశానో తెలుసా? అడుగున కట్టినవి ఊడదీసుకుని పైన కట్టుకుంటూ పోయాను."

"అడుగున ఊడదీస్తే మరి పరంజా దేనిమీద నిలబడింది?"

"అలవాటు మీద!"

ఈసారి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా ఇటు తిరిగారు. బావకి ఇక పూనకమే. లేచి నిలబడి, ఒక చేత్తో టీకొట్టు రేకు అంచు పట్టుకుని, ఇంకో చెయ్యి పైకి చాపాడు.

"ఇలా వేలాడుతున్నాను. గాలి, చలి. పక్కనించి విమానం ఒకటి పోతూ పోతూ నన్ను చూసి ఆగింది. పైలెట్టు అద్దం దించి, 'మేస్త్రీ, నిన్నే వెతుకుతున్నాను, మా ఇంట్లో బాత్రూము కారుతోంది, ఎప్పుడొస్తావు?' అన్నాడు. 'ఈ పని కానీ సారూ, చేతిలో పని వదిలేసి రాను' అన్నాను. పాపం అతనూ అర్థం చేసుకున్నాడు. ఇంకా పైకెళ్ళాను. చందమామ అడ్డం వచ్చాడు, కాస్త పక్కకి జరగవయ్యా అన్నాను, జరిగాడు. ఎట్టకేలకి చుక్క దగ్గరికి చేరాను. ఎంతుంటుందనుకున్నారు? ఇదిగో, మా బావమరిది టీ కెటిలంత. వేడి కూడా అలాగే. తడి గోనెపట్టా చుట్టి రెండు చేతుల్తో పట్టుకుని లాగాను. ఊహూ."

"ధ్రువ నక్షత్రం కదలదు కదా మేస్త్రీ," అన్నాడు కండక్టరు. "కదలదనేగా అంత పేరు."

"కదలదనేగా లారీ జాకీ పట్టుకెళ్ళాను! కదిలేదైతే చేత్తోనే జరిపేసేవాణ్ణి. కింద జాకీ పెట్టి, కడ్డీ దూర్చి, తిప్పాను. కిర్రుమంది. దాంతోపాటు ఆకాశం మొత్తం కిర్రుమంది. మరి మిగతా చుక్కలన్నీ దాని చుట్టూతానే కదా తిరిగేది, ఇరుసు కదిపితే చక్రం ఊరుకుంటుందా? ఒకటీ అరా ఊడి రాలాయి కూడా. అప్పుడు ధ్రువుడు కళ్ళు తెరిచి, 'తండ్రి ఒళ్ళోంచి దింపేస్తే అలిగొచ్చి ఇక్కడ కూర్చున్నాను, ఇక్కణ్ణించి కూడా లేపేస్తావటయ్యా?' అన్నాడు."

"అయ్యో! నువ్వేమన్నావు?"

"'దించడం లేదు నాయనా, మూరెడు పైకే పంపుతున్నాను, ప్రమోషననుకో' అన్నాను. ప్రమోషనంటే ఎవరికి చేదు? సర్దుకు కూర్చున్నాడు. మూరెడు లేపి, అడుగున ఇటుక పేర్చి, సిమెంటు దట్టించి, గుండు వేసి చూసి, మట్టం పెట్టి చూసి, అప్పుడు జాకీ తీశాను. సిమెంటు పని అన్నాక ఆరకుండా నీళ్ళు కొట్టాలి కదా. పైనించి కుండపోతగా కొట్టాను. ఆ ఏడు నడి ఎండాకాలంలో వానలు పడ్డాయి, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు, కొట్లోకి నీళ్ళొచ్చి బట్టలన్నీ తడిశాయి," అన్నాడు టైలరు.

"అది వాన కాదయ్యా, క్యూరింగు!"

నేనూ నవ్వేశాను. నవ్వకుండా ఎవరుండగలరు? నవ్వేసి, నర్సమ్మ మొహం చూసి, నాలుక్కరుచుకున్నాను.

"మరి దిగడం ఎలా దిగావు? కింద పరంజా లేదుగా," అన్నాడు కండక్టరు.

"ఆ నీళ్ళ ధారే పట్టుకుని జర్రున జారాను. సరాసరి హెడ్మాస్టరమ్మ కిటికీ ముందు దిగాను. ఒళ్ళంతా తడి, చేతులు కాలి బొబ్బలు, ఇంత కష్టపడ్డాను, ఆవిడ మంచంలోంచి చూసి ఏమందో తెలుసా? 'బాగుంది మేస్త్రీ, కాకపోతే కొంచెం ఎడమకి ఉంటే ఇంకా బాగుండేది' అంది! ఇంటివాళ్ళు ఎక్కడైనా ఇంటివాళ్ళే. ఇక నావల్ల కాదని దణ్ణం పెట్టేశాను."

"అది సరే," అన్నాడు కండక్టరు కళ్ళు తుడుచుకుంటూ, "దాన్ని చూసుకుని పోయే ఓడలూ లాంచీలూ ఏమైపోవాలి?"

"ఏముంది, అన్నీ మూరెడేసి దారి తప్పాయి. ఒక ఓడైతే మా వీధి మలుపు దాకా వచ్చింది. నేనే వెళ్ళి, వెనక్కి, వెనక్కి, కొంచెం ఎడమకి అని చెయ్యి ఊపి తిప్పి పంపించాను."

"మా నాన్న లాంచీ ఒకసారి ఇసుకమేట ఎక్కేసింది," అంది నర్సమ్మ. "ఇన్నాళ్ళూ తన పొరపాటే అని బాధపడుతున్నారు."

"నాదే తల్లీ, నాదే! నా పేరు చెప్పి క్షమించమనండి," అన్నాడు బావ, గుండె మీద చెయ్యి వేసుకుని, ఎంతో పెద్దమనసుతో.

"చెప్తాను," అని లేచిందావిడ. డ్రైవరు వచ్చేశాడు. బస్సు ఇంజను గుర్రుమంది. ఆవిడ భుజానికి సంచీ తగిలించుకుని, బావ ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయితే మేస్త్రీ గారూ, ఇక మా గోడ ముట్టుకోనక్కర్లేదు. మా నాన్న గదికి దక్షిణం వైపు కిటికీ ఉంది. మంచంలోంచి బాగా కనిపిస్తుంది, పక్కింటి డాబా పైన కాస్త ఆకాశం కూడా ఉంది. ధ్రువ నక్షత్రాన్ని తెచ్చి అక్కడ పెట్టేయండి. జాకీ మీ దగ్గరే ఉంది. పరంజా ఎలాగూ అలవాటు మీద నిలబడుతుంది. దుమ్ము రాదు, స్లాబు దిగదు."

టైలరు బల్ల మీద చెయ్యి చరిచి చరిచి నవ్వాడు. కండక్టరు ఈలవేశాడు. బావ కూడా నవ్వబోయాడు.

"దక్షిణమంటే తల్లీ..." అన్నాడు. "దక్షిణం వైపు గాలి... అక్కడ అంత సిమెంటు..."

రేకు అంచు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. చూడలేక నేను స్టవ్వు వైపు తిరిగాను.

ఆవిడ మాత్రం నవ్వలేదు. "నాకూ కథలంటే ఇష్టమేనండీ. ఇంకో రోజైతే ఇంకో టీ తాగుతూ వినేదాన్ని. కానీ మా నాన్నకి ఆ చుక్క గురించి నేను ఒక్క అబద్ధం చెప్పాను, దాంతో నన్ను అడగడమే మానేశారు. ఇంకొకళ్ళ అబద్ధం కూడా ఆ గదిలోకి తీసుకెళ్ళే ధైర్యం నాకు లేదు. నాకు ఒక్క మాట కావాలి. గోడ తొలిచి కిటికీ పెడితే, ఎంత ఎత్తులో పెడతారు?"

టైలరు నవ్వు ఆపేశాడు. బావ కూర్చున్నాడు. తువ్వాలు భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెలీదు తల్లీ," అన్నాడు.

మా అక్కని చేసుకున్నాక ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

"ఇక్కడ కూర్చుంటే తెలీదు. మీ నాన్నగారు తల ఎటు పెట్టుకుంటారో, దిండు ఎంత ఎత్తుంటుందో చూడాలి. గోడ అవతల ఆటస్థలంలో సరిగ్గా అంత ఎత్తు బల్ల వేసుకుని నేను పడుకోవాలి. చుక్క వచ్చాక పడుకునే చూసి, దానికి వరసగా దారం పట్టించి, ఆ వాలు తెచ్చి గోడ మీద గుర్తు పెట్టాలి. అప్పుడు చెప్తాను ఎంత ఎత్తో. స్లాబు సంగతి కూడా గోడ చూశాకే. కుదరదనిపిస్తే కుదరదనే చెప్తాను."

డ్రైవరు హారను కొట్టాడు. కండక్టరు సంచీ తగిలించుకుని, మెట్టు మీద నిలబడి, "అమ్మా, రావాలి!" అని అరిచాడు.

"ఇవాళ మబ్బు లేదు," అంది నర్సమ్మ. "మనం వెళ్ళేసరికి చుక్క వచ్చేస్తుంది. ఎక్కండి."

బావకి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక చెప్పుల కోసం వెతుక్కున్నాడు, కాళ్ళకే ఉన్నాయి. బల్ల కింద సంచీ లాగి, గుండూ దారపు ఉండా ఉన్నాయో లేవో తడిమి చూసుకుని, ఆవిడ వెనకాలే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. కూర్చుని దారం చిక్కులు విప్పుకోసాగాడు.

కండక్టరు గంట కొట్టాడు. బస్సు కదుల్తుంటే బావ తల బయటికి పెట్టాడు.

"ఒరేయ్! మీ అక్కకి ఫోను చేసి, బావ పనికి వెళ్ళాడని చెప్పు."

"నీ జేబులోనే ఉందిగా ఫోను, నువ్వే చెప్పు బావా!" అన్నాను, బస్సు పక్కనే నాలుగడుగులు నడుస్తూ.

"నేను చెప్తే నమ్మదురా," అన్నాడు. "నువ్వు చెప్పు."